గోరెమె రాతి చర్చిలు: రంగులను కాపాడిన చీకటి

క్లుప్తంగా: తుర్కియే నడిబొడ్డున కప్పడోకియా ప్రాంతంలో, గోరెమె లోయలో కొండను తొలిచి చేసిన బైజాంటైన్ (తూర్పు రోమన్ సామ్రాజ్యపు) కాలం నాటి చర్చిలు ఉన్నాయి. వీటిలో పేరున్న కుడ్యచిత్రాలు ఎక్కువగా 10, 11 శతాబ్దాలవి. అవి వెయ్యేళ్లు నిలవడానికి మెత్తటి రాయి, సున్నపు గార, వెలుతురు సోకని గదులు, వాటితోపాటు పావురాలు కూడా కారణం. ఇప్పుడు వాటిని దెబ్బతీస్తున్నది వాన, మంచు, జనం. అక్కడ అమలులో ఉన్న ఆంక్షలన్నీ ఈ లెక్కలోంచి పుట్టినవే.

కప్పడోకియా అనగానే చాలామందికి గుర్తొచ్చేది తెల్లవారుజామున ఆకాశం నిండా తేలే బెలూన్లు. కింద గోరెమె ఊరికి కిలోమీటరున్నర దూరంలో, గుర్రపు లాడం ఆకారంలో వంగిన కొండవాలులో ఇంకో లోకం ఉంది. దాన్ని బహిరంగ మ్యూజియం అంటారు. ఒక టికెట్టు కొని లోపలికి వెళ్లాక, కరన్లిక్ కిలిసె అనే చర్చి దగ్గర మళ్లీ ఇంకో టికెట్టు అడుగుతారు. లోపల ఫొటోలు తీయనివ్వరు. కొన్ని చర్చిల్లో గోడల మీద గొప్ప చిత్రాలు ఉంటే, పక్కనే ఇంకో చర్చిలో పిల్లలు గీసినట్టు ఎర్రటి గీతలు మాత్రమే ఉంటాయి. సాధువుల బొమ్మల్లో చాలావాటికి కళ్లు ఉండవు, ఎవరో గీకేశారు. వెళ్లినవాళ్లకు ఇవన్నీ ప్రశ్నలుగానే మిగిలిపోతాయి.

దీనికి తోడు ఇస్తాంబుల్ వార్తలు కలిసి ఇంకొంత గందరగోళం ఏర్పడింది. మొదట చర్చిగా కట్టి, అప్పటిదాకా మ్యూజియంగా ఉన్న హాగియా సోఫియాను 2020లో మళ్లీ మసీదుగా మార్చారు. మొజాయిక్‌లకూ (చిన్న రంగు ముక్కలు పేర్చిన చిత్రాలు) కుడ్యచిత్రాలకూ పేరుపడ్డ ఖోరా చర్చి మీద కూడా అదే ఏడాది నిర్ణయం వెలువడింది, 2024 మేలో అక్కడ నమాజు మొదలైంది. గోరెమె చర్చిలు ఈ కోవలోకి రావు. అవి మ్యూజియంలుగానే ఉన్నాయి. వాటికున్న ముప్పు వేరే రకం.

రాయి సంగతి ముందు

ఈ కథంతా రాయితోనే మొదలవుతుంది. లక్షల ఏళ్ల కిందట ఎర్జియెస్, హసన్ దాగ్ లాంటి అగ్నిపర్వతాలూ, వాటి చుట్టుపక్కల బిలాలూ కక్కిన బూడిద ఈ పీఠభూమి మీద మందంగా పేరుకుంది. ఆ బూడిద గట్టిపడి టఫ్ అనే రాయి అయింది. అక్కడక్కడా దాని మీద గట్టి లావా రాయి పొర పడింది. వాన కింది మెత్తటి భాగాన్ని కోసుకుంటూ పోతే, నెత్తిన గట్టిరాయి టోపీ పెట్టుకున్న శంకువులు మిగిలాయి. స్థానికులు వీటిని పెరి బాజాసి, అంటే దేవకన్యల పొగగొట్టాలు అంటారు.

టఫ్‌కు ఉన్న ముఖ్యమైన గుణం, కొత్తగా తవ్వినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక పైపొర గట్టిపడటం. మామూలు ఇనప పనిముట్లతో కొద్దిమంది మనుషులు ఒక గదిని తొలిచేయగలరు. అజంతా కొండ బసాల్టు. అక్కడ ఒక్కో అంగుళానికీ ఉలిదెబ్బలు లెక్కపెట్టుకోవాలి. ఉండవల్లిది ఇసుకరాయి, మధ్యస్థం. గోరెమెలో రాయి పని తేలిక కాబట్టే వందల సంఖ్యలో చర్చిలు, వాటి చుట్టూ మఠాలు, భోజనశాలలు, సమాధులు, ద్రాక్షరసం తీసే తొట్లు పుట్టుకొచ్చాయి. రాజు ఖజానా అక్కర్లేదు, ఊళ్లో నాలుగెకరాలున్న కుటుంబం కూడా ఒక చిన్న చర్చి తొలిపించుకోగలిగేది.

అదే గుణం ఇప్పుడు శాపమైంది. తేలిగ్గా తెగే రాయి తేలిగ్గానే అరుగుతుంది. టఫ్ నిండా సన్నటి రంధ్రాలు. అవి నీళ్లను పీల్చుకుంటాయి. ఈ పీఠభూమి సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు పైన ఉంది, శీతాకాలంలో మంచు కురుస్తుంది. పీల్చుకున్న నీరు గడ్డకట్టి ఉబ్బితే రాయి పగులుతుంది, కరిగితే ఆ పగులులోకి ఇంకాస్త నీరు దిగుతుంది. ఏటా ఇదే తంతు. పక్కనే ఉన్న జెల్వె గుహల ఊరిని కొండ విరిగిపడే ప్రమాదం వల్ల 1950లలో ఖాళీ చేయించాల్సి వచ్చింది.

దాక్కోవడానికి తవ్వినవా?

చాలామంది గైడ్లు చెప్పే మాట: రోమన్ల హింసకు భయపడి తొలినాటి క్రైస్తవులు ఇక్కడ దాక్కుని రహస్యంగా ప్రార్థనలు చేసుకున్నారని. వినడానికి బాగుంటుంది, కానీ గోడల మీది చిత్రాలతో ఇది పొసగదు.

క్రైస్తవం ఇక్కడికి తొందరగానే వచ్చింది, నిజమే. 4వ శతాబ్దంలో కైసరియా బిషప్ బాసిల్, ఆయన తమ్ముడు నిస్సా గ్రెగొరీ, స్నేహితుడు నజియాంజస్ గ్రెగొరీ ఈ ప్రాంతం వాళ్లే. ఆ కైసరియానే నేటి కైసెరీ. సన్యాసులు ఎలా కలిసి బతకాలో బాసిల్ రాసిన నియమాలు తూర్పు చర్చికి ఇప్పటికీ ప్రమాణం. అయితే అప్పటికే రోమన్ హింస ముగిసిపోయింది. తర్వాత 7 నుంచి 9వ శతాబ్దం దాకా అరబ్బు సైన్యాల దాడులు జరిగినప్పుడు జనం భూగర్భ నగరాల్లో తలదాచుకున్నారు. డెరిన్‌కుయు, కైమాక్లి అలాంటివే. లోపలి నుంచి దొర్లించి దారి మూసే గుండ్రటి రాతి తలుపులు అక్కడ నేటికీ చూడవచ్చు.

చిత్రాలున్న గోరెమె చర్చిల కాలం వేరు. 9వ శతాబ్దం రెండో సగం నుంచి సరిహద్దు తూర్పుకు జరిగింది. 10వ శతాబ్దంలో బైజాంటైన్ సామ్రాజ్యం బలంగా ఉంది. 963లో చక్రవర్తి అయిన నికెఫోరస్ ఫోకాస్ కుటుంబం కప్పడోకియాదే. ఈ చర్చిలు భయంలోంచి కాదు, భద్రతలోంచీ చేతిలో ఆడే డబ్బులోంచీ వచ్చాయి. దాక్కునేవాళ్లు గోడకు అఫ్గానిస్తాన్ నుంచి వచ్చే నీలిరాయి పూయించరు.

భారం మోయని స్తంభాలు

గోరెమెలో ఎల్మాలి, చారిక్లి, కరన్లిక్ అనే మూడు చర్చిలను కలిపి స్తంభాల చర్చిలంటారు. మూడూ 11వ శతాబ్దానివి. కరన్లిక్‌లో నాలుగు స్తంభాలు, వాటి మీద కమానులు, నడుమ గుమ్మటం ఉంటాయి. ఇది సామ్రాజ్య రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌లో (నేటి ఇస్తాంబుల్) ఇటుకలతో కట్టే చర్చిల నమూనా. కట్టిన గుడికి పైకప్పు నిలవాలంటే స్తంభం కావాలి. తొలిచిన గుడిలో పైకప్పు కొండే. స్తంభానికి అక్కడ పనే లేదు. కప్పడోకియాలో కొన్ని చర్చిల్లో స్తంభాలు విరిగిపోయినా కమానులు పైనుంచి వేలాడుతూ నిలిచే ఉన్నాయి.

మరి ఎందుకు చెక్కారు? గుడి అంటే అలా ఉండాలన్న ఊహ అప్పటికే మనసులో స్థిరపడింది కాబట్టి. ఏలూరు జిల్లా గుంటుపల్లిలో గుండ్రటి బౌద్ధ చైత్యగుహ చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. అక్కడ రాతి కప్పు లోపల చెక్క వాసాల్లాంటివి చెక్కారు. రాతికి వాసాలతో పనిలేదు. అంతకుముందు కలపతో కట్టిన గుడి ఆకారం అలా రాతిలోకి దిగింది. రెండు మతాలు, రెండు దేశాలు, వెయ్యేళ్లకు పైగా తేడా ఉన్నా శిల్పులు చేసిన ఆలోచన ఒక్కటే.

చెక్కే పద్ధతిలో ఒక చిక్కుంది. కట్టేవాడు తప్పు చేస్తే రాయి మార్చుకుంటాడు, తొలిచేవాడికి ఆ వీలు లేదు. అందుకే గోరెమెలో వంకర గోడలు, సరిగ్గా కలవని కమానులు, ఒకదానికొకటి సమానంగా లేని గుమ్మటాలు కనిపిస్తాయి. వాటిని చేతకానితనం అనుకోకూడదు. పని మొదలుపెట్టాక కొండలో ఎదురైన పగుళ్లకు తగ్గట్టు సర్దుకున్న జాడలవి.

ఎర్ర గీతల గుట్టు

సెయింట్ బార్బరా చర్చిలో గార లేదు. రాతి మీదే నేరుగా జేగురుతో గీసిన శిలువలు, గళ్లు, మిడతలాంటి ఒక వింత ఆకారం ఉన్నాయి. ఇలాంటివి చూసినప్పుడు చెప్పే వివరణ ఒకటుంది. 8, 9 శతాబ్దాల్లో బైజాంటైన్ చక్రవర్తులు దేవుడి బొమ్మలను నిషేధించారు. ఆ నిషేధం మధ్యలో 787లో ఆగి, 815లో మళ్లీ వచ్చి, 843లో పూర్తిగా పోయింది. ఆ కాలంలో బొమ్మలు గీయకూడదు కాబట్టి గీతలు గీశారని అంటారు.

కానీ అదే చర్చిలో గుర్రాల మీద జార్జి, థియోడోర్, మరో గోడ మీద బార్బరా, గర్భగుడిలాంటి అర్ధవలయపు గూటిలో క్రీస్తు ఉన్నారు. చర్చి కట్టుబడి కూడా 11వ శతాబ్దపు శైలిలోనే ఉంది. మరో ఆధారం ఎల్మాలి చర్చిలో దొరుకుతుంది. అక్కడ చిత్రాలున్న గార ఊడిన చోట అడుగున రాతి మీద ఇవే జేగురు శిలువలు బయటపడ్డాయి. దీన్నిబట్టి పని క్రమం ఊహించవచ్చు. చర్చి తొలవడం పూర్తికాగానే ప్రతిష్ఠ కోసం రాతి మీద ఎర్ర గుర్తులు గీసేవారు. తర్వాత దాత దొరికితే గార పూయించి చిత్రకారుణ్ణి పెట్టేవారు. దొరక్కపోతే ఆ గీతలే మిగిలేవి. బార్బరా చర్చి అలా సగంలో ఆగినదని చెప్పే వాదనే ఎక్కువ బలంగా ఉంది.

గోడ మీద రంగు ఎలా నిలుస్తుంది

ఫ్రెస్కో అంటే ఇటాలియన్‌లో తాజా, పచ్చిది అని అర్థం. తడి ఆరని సున్నపు గార మీద నీళ్లలో కలిపిన రంగు పూస్తారు. గార ఆరే క్రమంలో సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. రంగు ఆ పొరలో ఇరుక్కుని రాయిలో భాగమైపోతుంది. జిగురు అక్కర్లేదు. తడి మీద పని కాబట్టి ఆ పూటకు ఎంత గీయగలరో అంతే గార వేయాలి.

గార ఆరాక జిగురు కలిపి వేసే పద్ధతిని సెక్కో అంటారు. కప్పడోకియాలో ఈ రెండూ ఉన్నాయి, ఒకే గోడ మీద కలిసి కూడా ఉంటాయి. మొదటి గీతలు, పెద్ద రంగులు తడి మీద వేసి, ముఖాలు, బట్టల ముడతలు, కొన్ని ఖరీదైన రంగులు తర్వాత పైన వేసేవారు. గార విరగకుండా గడ్డి పరకలు కలిపేవారు. మన దగ్గర మట్టి గోడలకు ఊక కలిపినట్టే. పైన వేసిన పొరలే ముందు రాలతాయి. అందుకే కొన్ని ముఖాల్లో కవళికలు పోయి రంగు మచ్చ మాత్రమే మిగిలింది. అన్నీ మనుషులు చెరిపినవే కావు.

ఈ పని తారస్థాయిలో చూడాలంటే తొకాలి కిలిసెకు వెళ్లాలి. ఇది మ్యూజియం గేటు బయట, రోడ్డుకు అవతల ఉంటుంది. అదే టికెట్టు చెల్లుతుంది, అయినా అలసిపోయి చాలామంది చూడకుండానే వెళ్లిపోతారు. గోరెమెలో అన్నిటికంటే పెద్ద చర్చి ఇదే. నిజానికి ఇది రెండు చర్చిలు. ముందుది 10వ శతాబ్దం తొలినాళ్లది, ఒకే పొడవాటి గది. దాని కప్పు మీద క్రీస్తు జీవితం వరుసలు వరుసలుగా సాగుతుంది. లేపాక్షి గుడి పైకప్పు మీద కథలు పట్టీలుగా నడిచినట్టే ఇక్కడా చూపు ఒక చివర మొదలై వరుస వెంట కదలాలి. కొన్ని దశాబ్దాల తర్వాత ఆ గది వెనక గోడను తొలిచేసి అడ్డంగా రెండో చర్చి తవ్వారు. పాతది దానికి ముఖమండపం అయింది.

రెండో చర్చిలో అడుగుపెట్టగానే కనిపించేది నీలం. గోడలన్నీ నీలం. లాపిస్ లాజులీ అనే రాయిని నూరి తీసిన రంగు అది. అప్పట్లో ఆ రాయి అఫ్గానిస్తాన్‌లోని బదఖ్షాన్ గనుల నుంచే రావాలి. ఒక మారుమూల లోయలో అంత రంగును నేపథ్యానికి వాడారంటే, డబ్బు పెట్టినవారి స్థాయి, చిత్రకారుడి శిక్షణ రెండూ రాజధానికి దగ్గరవని అర్థం. ముందు గదిలోని బొమ్మలు గట్టి గీతలతో బల్లపరుపుగా ఉంటే, లోపలివాటిలో శరీరానికి బరువు ఉంది, బట్టకు ముడత ఉంది. రెండూ పది అడుగుల్లో పక్కపక్కనే ఉండటం వల్ల, ఒకే శతాబ్దంలో వచ్చిన మార్పును నిలబడిన చోటు నుంచే పోల్చుకోవచ్చు. గోరెమెలో ఒక్క చర్చికే సమయం ఉంటే ఇదే చూడాలి.

కరన్లిక్: చీకటి చేసిన మేలు

కరన్లిక్ అంటే తుర్కీలో చీకటి. ముఖమండపం వైపు చిన్న కిటికీ ఒక్కటే ఉంది, దాన్నుంచి లోపలికి చేరే వెలుతురు అంతంతమాత్రం. ఎల్మాలి అంటే ఆపిల్ ఉన్నది, చారిక్లి అంటే చెప్పులున్నది, యిలాన్లి అంటే పామున్నది. ఈ పేర్లన్నీ తర్వాతి కాలపు తుర్కీ గ్రామస్థులు తమ కంటికి ఆనినదాన్ని బట్టి పెట్టుకున్నవి. అసలు ఏ సాధువు పేరున ప్రతిష్ఠించారో చాలావాటికి తెలియకుండా పోయింది. వెయ్యేళ్ల గుడికి సొంత పేరు లేకపోవడం చిన్న నష్టం కాదు.

ఈ చీకటి గదిలో రంగులు ఇంత తాజాగా ఉండటానికి కారణం ఆ చీకటే. ఎండ తగిలితే రంగు వెలిసిపోతుంది, జిగురు పొర పెళుసుబారుతుంది. ఇక్కడ అది జరగలేదు. గుమ్మటంలో లోకపాలకుడైన క్రీస్తు, గోడల మీద పుట్టుక, బాప్తిస్మం, చనిపోయిన లాజరును లేపడం, యెరూషలేము ప్రవేశం, యూదా ద్రోహం, శిలువ అన్నీ నిలిచి ఉన్నాయి. చివరి విందు దృశ్యంలో బల్ల మధ్య పళ్లెంలో పెద్ద చేప ఉంది. చేపకు గ్రీకు మాట ఇఖ్తుస్. అందులోని అక్షరాలు యేసుక్రీస్తు, దేవుని కుమారుడు, రక్షకుడు అనే మాటల మొదటి అక్షరాలు, కాబట్టి అది క్రీస్తుకు గుర్తు. కొన్ని దృశ్యాల్లో దేవుడి కాళ్ల దగ్గర చిన్నగా వంగి ఉన్న మనుషులు చర్చికి డబ్బిచ్చిన దాతలు.

రెండో కారణం పావురాలు. ఈ ప్రాంతంలో ద్రాక్షతోటలకు పావురాల రెట్టే పేరున్న ఎరువు. రైతులు కొండగుహల ముందు భాగాన్ని రాళ్లతో మూసి, పావురాలు దూరేంత కంతలు వదిలి, ఏడాదికోసారి తెరిచి ఎరువు ఎత్తుకునేవారు. వదిలేసిన చర్చిలు దీనికి సరిగ్గా పనికొచ్చాయి. కరన్లిక్ 1950ల దాకా పావురాల గూడే. రెట్ట గోడలకు అంటుకుంది, దాన్ని ఒలిచి చిత్రాలను బయటకు తేవడానికి ఏళ్లు పట్టింది. అయినా తలుపు మూసి ఉండటం వల్ల మనుషుల చేతులు, వాన, ఎండ లోపలికి రాలేదు. పాడుచేసిందనుకున్నదే కాపాడింది కూడా.

కళ్లు ఎవరు గీకారు

దీనికి ఒకే జవాబు లేదు. 1071లో బైజాంటైన్ సేన ఓడిన మంజికెర్ట్ యుద్ధం తర్వాత సెల్జుక్ తుర్కులు ఈ ప్రాంతానికి పాలకులయ్యారు. వాళ్లు రాగానే చర్చిలు ధ్వంసమయ్యాయనుకుంటే పొరపాటు. ఇహ్లారా లోయలో 13వ శతాబ్దం చివర చిత్రించిన సెయింట్ జార్జి చర్చి ఉంది. దాని శాసనంలో సెల్జుక్ సుల్తాను మసూద్ పేరు, బైజాంటైన్ చక్రవర్తి ఆండ్రోనికస్ పేరు రెండూ ఉన్నాయి. దాత తలపాగా చుట్టుకుని కనిపిస్తాడు.

తర్వాతి శతాబ్దాల్లో కొందరు బొమ్మ ఉన్న చోట ప్రార్థన తప్పని నమ్మి, కొందరు దిష్టి భయంతో ముఖాలు, కళ్లు గీకారు. సాధువు కంటి దగ్గరి పొడి మందుగా పనిచేస్తుందన్న నమ్మకమూ తూర్పు క్రైస్తవ లోకంలో ఉండేది, కాబట్టి గీకినవారిలో భక్తులూ ఉండవచ్చు. గోడల మీద గ్రీకులో చెక్కిన పేర్లు, తేదీలు చాలా ఉన్నాయి. అవి యాత్రకు వచ్చిన క్రైస్తవులవే. చేతికి అందే ఎత్తులోని బొమ్మలే ఎక్కువ పాడయ్యాయి, పైకప్పు మీదివి చాలావరకు క్షేమం.

ఈ చర్చిలతో మనుషుల బంధం తెగింది 1923 ఒప్పందంతో. గ్రీస్, తుర్కియే ఆ ఒప్పందం కింద జనాభాను మార్చుకున్నాయి. అనటోలియాలోని (తుర్కియే ఆసియా భాగం) ఆర్థడాక్స్ క్రైస్తవులు గ్రీస్‌కు, గ్రీస్‌లోని ముస్లింలు ఇటు రావాల్సి వచ్చింది. మతం ఒక్కటే కొలత. కప్పడోకియా క్రైస్తవుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడుకునేది తుర్కీయే, అయినా వెళ్లక తప్పలేదు. ఈ చర్చిలకు వారసులు అనదగ్గవాళ్లు ఆ మార్పిడి తర్వాత అక్కడ లేరు. గోడల మీది బొమ్మల పేర్లు తెలిసిన మనుషులు లేకుండా పోయాక, అవి పొరుగువాళ్లకు ఉత్త గుహలయ్యాయి.

టికెట్టు వెనక లెక్క

యునెస్కో 1985లో ఈ ప్రాంతాన్ని ప్రకృతి, సంస్కృతి రెండు కారణాల మీదా ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2019లో తుర్కియే ప్రభుత్వం గోరెమెకు జాతీయ పార్కు హోదా తీసేసి, కప్పడోకియాకు ప్రత్యేక చట్టం, ప్రత్యేక పాలనా సంస్థ పెట్టింది. వేర్వేరు శాఖల మధ్య నలుగుతున్న అధికారాన్ని ఒక్కచోటికి తేవడమే ఉద్దేశమని ప్రభుత్వం అంది. కొండల మధ్య హోటళ్లు, రోడ్లు పెరగడానికి దారి తెరుస్తుందని పురావస్తు, పర్యావరణ రంగాలవాళ్లు ఆందోళన చెందారు. ప్రపంచ వారసత్వ హోదా మాత్రం కొనసాగుతోంది.

గదుల లోపలి సమస్య దీనికంటే సూక్ష్మం. కరన్లిక్ గది చిన్నది, గాలి ఆడే దారి తక్కువ. లోపలికి వెళ్లే ప్రతి మనిషీ ఊపిరితో తేమ, కార్బన్ డయాక్సైడ్, ఒంటి వేడి వదులుతాడు. తేమ రాతిలోకి దిగి, ఆరేటప్పుడు రాతిలోని ఉప్పును గార దగ్గరకు లాక్కొస్తుంది. ఉప్పు అక్కడ స్ఫటికమై ఉబ్బితే రంగు పెచ్చులుగా లేస్తుంది. ఫ్రాన్స్‌లో లాస్కో గుహను 1963లో సందర్శకులకు మూసేయడానికి జనం ఊపిరే ప్రధాన కారణం. అక్కడ పక్కనే నకలు గుహ కట్టి చూపిస్తున్నారు. గోరెమెలో అంతదూరం పోలేదు. వేరే టికెట్టు పెట్టారు, లోపల ఉండే జనాన్ని తగ్గించారు, ఫొటోలు ఆపారు. టికెట్టు ధర కొందరిని బయటే ఆపుతుంది, ఫొటో నిషేధం లోపలివాళ్లను తొందరగా కదిలిస్తుంది. అందరికీ చెందిన సంపదను డబ్బుతో వడపోయడం న్యాయమేనా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది, కానీ ఆ గది పరిమాణం చూశాక ఏదో ఒక వడపోత తప్పదని ఒప్పుకోవాలి.

వెళ్లేవాళ్లకు దీన్నుంచి వచ్చే పనికొచ్చే విషయాలు కొన్ని. మ్యూజియం తెరిచిన వెంటనే గానీ, సాయంత్రం గానీ వెళితే గదుల్లో రద్దీ తక్కువ. ఎండలోంచి లోపలికి వచ్చాక కళ్లు అలవాటు పడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది. తొందరపడి తిరిగొస్తే చూసింది సగమే. గోడను చేత్తో తాకకూడదు, వేలి జిడ్డు రంగు మీద నిలిచిపోతుంది, వీపున వేలాడే బ్యాగు గోడను రాసుకోకుండా ముందుకు వేసుకోవాలి.

గోరెమెకు ఉత్తరంగా చావుషిన్ ఊరి దగ్గర రోడ్డు పక్కనే ఇంకో చర్చి ఉంది. లోపల నికెఫోరస్ ఫోకాస్ చక్రవర్తి బొమ్మ ఉంది కాబట్టి అది 963, 969 మధ్య కాలానిదని లెక్క కుదిరింది. దీన్నీ పావురాల గూడుగానే వాడారు. అయితే దీని ముందు భాగం కొండతో సహా విరిగి పడిపోయింది. ఒకప్పుడు ముఖమండపం లోపలి గోడ అయినది ఇప్పుడు బయటి గోడ. దాని మీద నిలబడిన దేవదూతలకు ఎండా, వానా, మంచూ నేరుగా తగులుతున్నాయి. ఇనప మెట్లెక్కి లోపలికి వెళితే అదే నాటి రంగులు ఇంకా ముదురుగా ఉన్నాయి. బయట మాత్రం రెక్కల అంచులనే పోల్చుకోగలం.